పగలని సకినం

"ముందుగాల నా సకినం పెట్టి సూపెట్టు," అన్నది సత్యవ్వ.

కోరుట్లల హమీద్‌ది వంటసామాన్ల దుకాణం. సంచిలకెల్లి గాలి గుంజి మూతి అతికించే మిషన్లు రెండు బల్ల మీద పెట్టి, అరగంట సంది వాటి గొప్పలు చెప్తున్నడు. సత్యవ్వ అన్నీ విన్నది. విని, చేతిసంచిలోంచి చిన్న డబ్బా తీసింది. అందులో నువ్వులేసి బియ్యప్పిండితో సుట్టిన సకినాలు, రెండే రెండు.

హమీద్ నవ్విండు. "నమ్మకం లేదా అవ్వా?"

"మిషన్ మీద ఉన్నది కొడుకా. నీ నోటి మీదనే లేదు."

చిన్న మిషన్ ఒక్కతీరుగ గుంజింది. సంచి సకినాన్ని కరుచుకున్నది. చిటపటమన్నది. చూస్తుండంగనే సకినం నుగ్గునుగ్గయింది.

"గిది మెత్తటి సామాన్లకు..." నసిగిండు హమీద్.

"పిండి జేసెటందుకు మిషనెందుకు? ఇంట్ల రోలున్నది. ఇంకోటి సూపెట్టు."

రెండోది జర పెద్దది. దానికొక బొత్తం ఉన్నది. సంచి అంటుకోంగనే అది నొక్కితే గుంజుడు ఆగుతది, మూతి అతుకుతది. సత్యవ్వ తన వేలితోనే నొక్కింది. సకినం సుట్లు చెదరలేదు. పొట్లాన్ని వెలుతురుకు పెట్టి, నువ్వులు లెక్కవెట్టినట్టు చూసింది.

"ఎన్నొద్దులుంటది?"

"పొడివైతే ఆర్నెల్లు డోకా లేదు. తడి కూరలైతే ఫ్రిజ్‌ల పెట్టాలె. గల్ఫ్‌కేనా అవ్వా? మల్లాపూరోళ్లు, కథలాపూరోళ్లు అందరు గందుకే కొంటరు. ఎప్పుడు పోవుడు?"

"తారీఖు రాలే ఇంక."

"గంతే. అస్తే ఒక్కపారే అస్తది. అన్నీ తయ్యారుంచుకోవాలె."

"గందుకే కొంటున్న." మిషన్ వైపు చూసి మళ్ల అడిగింది. "కల్లు గూడ అతుకుతదా ఇందుల?"

"యా అల్లా! కల్లు పట్టుకొని విమానమెక్కితే సీదా జైలే!"

"పోనియ్యి. కల్లు అప్పటికప్పుడు ఎవలన్న తెస్తరు."

హమీద్ తల గోక్కున్నడు. మిషన్ కట్టిచ్చి, పొట్లాల మీద పేరు రాసుకొమ్మని నల్ల మార్కర్ పెన్ను ఊరికనే ఇచ్చిండు.

మేడిపల్లిల బస్సు దిగి, మిషన్ నెత్తి మీద పెట్టుకొని ఇంటికి నడిచింది సత్యవ్వ. తాళం తీసింది. లోపల్నుంచి "అచ్చినవా" అనే మనిషి లేక ఆరేండ్లు. ఆమె పెనిమిటి ఆగయ్య సిరిసిల్లల బట్ట నేసే సాంచెలు నడిపేటోడు. శనివారం శనివారం ఇంటికచ్చేటప్పుడు నువ్వుల ముద్దలు తెచ్చేటోడు. పిల్లల్లేరు. ఆగయ్యకేం ఇష్టమో సత్యవ్వకు ఎరుక. సత్యవ్వకేం ఇష్టమో ఎరుకైన మనిషి లోకం మీద ఆగయ్య ఒక్కడే.

పక్కింటి జమున మంచిది. ఎవల ఇంట్ల దావతయినా, తన ఇంట్ల కోడి కోసినా, గిన్నెడు కూర పట్టుకొని తలుపు కొడుతది. "తిను పెద్దమ్మా, నీకు కోడంటే పానం గదా," అంటది. ఎవలు చెప్పిండ్రో, ఎట్ల అనుకున్నదో. సత్యవ్వ పుట్టి బుద్ధెరిగి కోడి ముట్టలేదు. గిన్నె పిల్లి ఖాళీ చేస్తది. కడిగిచ్చేటప్పుడు సత్యవ్వ "మంచిగుండె బిడ్డా" అంటది.

నిజం చెప్తే గిన్నె బందయితది. గిన్నె బందయితే తలుపు కొట్టుడు బందయితది.

వారం రోజులు సత్యవ్వ పొయ్యి ఆర్పలేదు. సకినాలు చుట్టింది. నువ్వుల ముద్దలు కట్టింది. ఎండిన మాంసం తునకలు కారం పట్టిచ్చి కరకర వేయించింది. వాసనకు జమున రానే వచ్చింది.

"ఎవలకు పెద్దమ్మా గివన్ని? నాకు తెల్వకుండ దుబాయిల సుట్టాలు పుట్టుకచ్చిండ్రా?"

"కొత్తోళ్లెవలు పుడుతరే. ఉన్నోళ్లకే."

"మరి నాకొక పొట్లమియ్యరాదు!"

"ఇస్త. నీ చేతులకే అస్తది ఒకనాడు."

"గింత పీనాసివైతివేంది!" అని ముద్ద ఒకటి నోట్ల వేసుకొని పోయింది జమున.

వానకాలమంతా మిషన్ల అతికించిన సకినాల పొట్లాన్ని ఒకదాన్ని దూలానికి వేలాడదీసింది సత్యవ్వ. మూడు నెలలు. ముసురుకు గోడలు చెమ్మెక్కినయి, ఉప్పు నీరైంది. పొట్లం మాత్రం గట్లనే ఉన్నది. ముసురు విడిచిన పొద్దున కత్తెర పెట్టి కోసింది. మక్కిన వాసన లేదు. ఒక సకినం తీసి గోడ మీద పెట్టి, దూరం జరిగి నిలుచున్నది.

కాకి వచ్చింది. తల అటొకసారి, ఇటొకసారి వంచి చూసింది. సకినాన్ని పగలకుండ ముక్కున కరుచుకొని ఎగిరిపోయింది.

సత్యవ్వ గోడకు ఒరిగి నవ్వింది. చిన్నపిల్ల లెక్క, కండ్లల్ల నీళ్లచ్చేదాక.

తెల్లారి కొత్తయి చేసి, మూడు తీర్లవి ఒక్కటే పెద్ద సంచిల పెట్టి, బొత్తం నొక్కి, తలుపు తీయంగనే కనపడేటట్టు గోడకున్న మొలకు తగిలించింది. మార్కర్ పెన్ను పట్టుకొని, ఎప్పుడో రాత్రిబడిల నేర్చుకున్న వంకరటింకర అక్షరాలతో దాని మీద రాసింది:

"జమునా బిడ్డా, నేను సచ్చిన మూడోనాడు కాకికి కోడికూర పెట్టకు, గిది పెట్టు."