గురువు పేరు రాసే చోటు

"తప్పు," అన్నాడు పక్క సీటు ముసలాయన.

బస్సు కుదుపుకి ఆబెల్ ఒళ్ళోంచి జారిన లెక్కల కాగితం ఆయన చేతిలో ఉంది.

"ఏది తప్పు?"

"తాడు. బావిలోంచి బకెట్ లాగుతున్నావు. తాడుకి బరువుండదా?"

"ఉండదనుకోమంటారు తాతా, భౌతికశాస్త్రంలో."

"ఈ లెక్కలో అనుకోమన్నారా?"

ఆబెల్ లెక్క మళ్ళీ చదివాడు. అనలేదు.

ముసలాయన పేరు గాష్పార్. ఆబెల్ వాళ్ళ ఊరు కిష్‌హోమోక్ లోనే, ఊరి చివరింట్లో ఒక్కడే ఉండేవాడు. అరవై దాటినా, చక్కెర తీసే బీట్‌దుంపల కాలంలో మిల్లువాళ్ళు పిలిచేవారు. గేటు దగ్గర బళ్ళు తూచే పని.

ఆబెల్ ఆ గేటు దాటి ఇంకా ముందుకి, పట్నంలో హైస్కూలుకి వెళ్ళేవాడు.

దేశం మొత్తం హైస్కూలు పిల్లలకి భౌతికశాస్త్రంలో పోటీ ఉంది. గెలిస్తే పరీక్ష లేకుండా యూనివర్సిటీ. ఆబెల్ దానికి కూర్చుంటున్నాడు.

స్కూల్లో చెప్పేవాళ్ళు లేరు. పిరోష్క టీచర్ మంచిది. "ఇవి నాకు రావు నాయనా, దేవుడి మీద ఒట్టు," అనేసింది.

మిగిలింది బస్సు. పొద్దున్నే నలభై నిమిషాలు.

"ముందు జవాబు ఎంతుంటుందో చెప్పు. లెక్క తర్వాత చేద్దువు గాని," అనేవాడు గాష్పార్. "బండి ఎంత కుంగిందో చూసి నేను బరువు చెప్పడం లేదూ?"

పందికొవ్వు రాసిన రొట్టె సగం తుంచి, ఉల్లిపాయ ముక్కతో ఇచ్చేవాడు.

"మీరు ఎందాకా చదివారు తాతా?"

"హైస్కూలు. తిను, చేతికి కొవ్వంటుతోంది."

పక్కూళ్ళో జొంబోర్ ఎక్కేవాడు. ఆబెల్ క్లాసే.

"ఏంరా, దుంపల ప్రొఫెసర్‌గారు ఈవేళ ఏం సెలవిచ్చారు?"

వెనక సీట్లలో కుర్రాళ్ళంతా నవ్వేవారు. ఆబెల్ కూడా కొంచెం నవ్వేవాడు.

గాష్పార్ కిటికీ అద్దం తుడుచుకుని బయటికి చూసేవాడు.

ఈ పోటీల్లో గెలిచిన కుర్రాడి పేరు ఒక్కటే అచ్చువెయ్యరు. దాని కింద నేర్పిన గురువు పేరు వేస్తారు. కుర్రాణ్ణి వేదిక మీదికి పిలిస్తే ఆయన్నీ పిలుస్తారు. గురువెవరో కాగితం మీద రాయాల్సింది కుర్రాడే.

డిసెంబరులో ఒకరోజు గాష్పార్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒకటి అడుగుతాను. కుదరకపోతే కుదరదను."

"అడగండి తాతా."

"గురువు పేరు అని ఉంటుందే, అక్కడ నాది రాస్తావా?"

"రాస్తాను."

"చిన్న అక్షరాల్లో వేస్తారు. అయినా సరే. ఒక్కసారి చూసుకుంటాను."

గేటు రాగానే టోపీ పెట్టుకుని దిగిపోయాడు.

ఫిబ్రవరిలో, పోటీ ఇంకో రెండు రోజులుందనగా, పక్క సీటు ఖాళీగా ఉంది.

"ఆయన రాడబ్బాయ్," అన్నాడు డ్రైవరు. "నిన్న పోయాడు. గుండె. ఎల్లుండి పదింటికి మట్టి."

"ఎల్లుండా? నాకు పోటీ ఉంది."

డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"మిల్లు క్రిస్మస్‌కే మూసేశారు, తెలుసుగా?"

"మరి రోజూ వచ్చేవారు?"

"గేటు దగ్గర దిగేవాడు. మంచులో నిలబడి, ఎదురు బస్సొస్తే వెనక్కి పోయేవాడు. నీతో నలభై నిమిషాలు కూర్చోడానికి రెండు టికెట్లు."

పోటీ వాళ్ళ స్కూల్లోనే. కాగితాలు తొమ్మిదింటికి ఇచ్చారు. లెక్కలు ఒకటొకటే లొంగాయి. పదయింది. ఊళ్ళో మట్టికి చర్చి గంట కొడుతూ ఉంటారు. పాతిక కిలోమీటర్లు, ఇక్కడికి వినబడదు.

ఇంకో రెండు గంటలకి ఆబెల్ చివరి లెక్క ముగించి, పై కాగితం తీశాడు. పేరు రాశాడు. ఊరు రాశాడు. గురువు పేరు దగ్గర ఆగాడు.

పక్క బల్ల నుంచి జొంబోర్ తొంగిచూశాడు.

"దుంపల ప్రొఫెసర్‌దా రాస్తున్నావు? గెలిస్తే రాజధానిలో, బుడాపెష్ట్‌లో మైకులో పిలుస్తార్రా. సమాధిలోంచి లేచొస్తాడా?"

పోయినాయనకి అచ్చెందుకులే అనుకున్నాడు ఆబెల్.

పిరోష్క టీచర్ పేరు రాశాడు.

మే నెలలో బుడాపెష్ట్ పిలిచింది. దేశానికి మొదటివాడు ఆబెల్. చప్పట్లు కొట్టారు. పిరోష్క టీచర్‌కి పూలగుత్తి ఇచ్చారు.

"నేనేం నేర్పాన్రా నీకు?" అంది చెవిలో.

"ఊరుకోండి టీచర్. అందరూ చూస్తున్నారు."

నిర్ణేతల్లో పెద్దాయన, తల నెరిసిన ప్రొఫెసరు, ఆబెల్ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"కిష్‌హోమోక్ అని రాశావు. నాది అవతలి ఊరే. మీ ఊళ్ళో బాకోష్ గాష్పార్ ఉండాలి. ఎలా ఉన్నాడు? ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబివ్వడు."



"ఫిబ్రవరిలో పోయారు సార్."

ప్రొఫెసరు అతని చెయ్యి వదిలేశాడు.

"మట్టికి చాలామంది వచ్చారా?"

"నేను వెళ్ళలేదు సార్. ఆరోజే పోటీ."

"ఊఁ."

"మీకు చుట్టమా సార్?"

"కాదు, హైస్కూల్లో ఒకే బెంచీ," అన్నాడు ప్రొఫెసరు. "యాభై రెండులో, కమ్యూనిస్టుల రోజుల్లో, యూనివర్సిటీలో భౌతికశాస్త్రానికి మా జిల్లాకి ఒక్కటే సీటు వచ్చింది, మొదటివాడు గాష్పార్, కానీ వాళ్ళ నాన్నకి నలభై ఎకరాలున్నాయి, భూస్వామి కొడుకని వాడి పేరు కొట్టేసి, ఆ సీటు రెండోవాణ్ణని నాకిచ్చారు."