ముప్పై దాటని ట్రక్కు

"ఈ ట్రక్కుకి ఏం చేశావో నిజం చెప్పు!"

మార్లా తలుపు ధడాలున వేసి షెడ్డులోకి దూసుకొచ్చింది. వెండెల్ తాపీగా ఓ గుక్క బీరు మింగి పెళ్ళాం మొహంలోకి చూసి నవ్వాడు.

"ఏమే, అక్క ఇంటికని పోయినదానివి అప్పుడే ఊడిపడ్డావేం?"

"గంటకి ముప్పై మైళ్ళు దాటితే ఒట్టు. హైవే ఎక్కానో లేదో, లారీలవాళ్ళు హారన్లు కొట్టి నా చెవులకి చిల్లులు పెట్టారు. చివరికి పోలీసాయన ఆపి, 'ఈ నడకతో ఇక్కడికి రాకమ్మా, చస్తావ్' అని వెనక్కి తిప్పి పంపాడు. పాత ఇంజిన్‌తో మా నాన్న దీన్నే డెబ్బైలో తోలేవాడు!"

"మీ నాన్న రోజులు వేరు. అప్పుడు కార్బ్యురేటర్. ఇప్పుడు ప్రతి చుక్కా కంప్యూటర్ కొలిచి పోస్తుంది. నీ డ్రైవింగ్ చూసి దానికీ గుండె దడ పుట్టుంటుంది."

"మరి నువ్వు తోలితే ఎగురుకుంటూ పోతుందే?"

"మగాడంటే దానికీ భయం మరి."

అసలు సంగతి వేరే. తాగి తోలి, కొత్త పికప్‌ను గోతిలో పల్టీ కొట్టించి, చావు తప్పి కన్ను లొట్టబోయి బయటపడ్డాడు వెండెల్. దాని ఇంజిన్ పీకి మామగారి పాత ట్రక్కులో బిగించాడు. ట్యాంకులోకి కొత్త పంపు దించాడు, కంప్యూటర్ వైర్లన్నీ తనే కలిపాడు. ఆ పనిలో పనిగా డాష్‌బోర్డు అడుగున, చేత్తో తడిమితే తప్ప దొరకని చోట ఓ చిన్న స్విచ్చి పెట్టాడు. అది కిందికి ఉంటే బండి ముప్పై దాటదు. పైకెత్తితే గుర్రమే. తను ఎక్కగానే ఎత్తుతాడు, దిగేముందు దించుతాడు. మార్లా ఏదో ఒకరోజు తట్టా బుట్టా సర్దుకుని పోతుందని వాడి భయం. అలా పోనిస్తే వాడు వెండెల్ ఎలా అవుతాడు!

"సరేలే, పక్కకి తప్పుకో. ఈ తుప్పు ముద్దని పాత ఇనుముకి వేసేస్తున్నా" అన్నాడు, మూలనున్న పాత ఇంజిన్‌ను కాలితో తన్ని.

మార్లా మొహం పాలిపోయింది. "దాన్ని ముట్టుకోకు వెండెల్. నాన్న చేత్తో బిగించుకున్న ఇంజిన్ అది. ఆయనదంటూ నాకు మిగిలింది అదొక్కటే."

"అందుకే ముందు దాన్ని పంపుతున్నా."

ఇంజిన్‌కి చేతికందిన బోల్టేదో బిగించి, దానికి గొలుసు తగిలించి, కప్పీతో నడుమెత్తుకు లేపాడు. ఏడుపు ఆపుకుంటున్న మార్లాను చూసేసరికి వాడికి హుషారు ఇంకా పెరిగింది. ఇంజిన్ వీపు మీద చరిచాడు.

"పదండి మామగారూ, ఊరేగిద్దాం!"

బోల్టు ఫట్‌మని తెగింది. ఇంజిన్ వచ్చి వాడి తొడ మీద పడింది.

వాడి కేకకి గొడ్లు బెదిరిపోయాయి. మార్లా ఒక్క క్షణం రాయిలా నిలబడింది. తర్వాత జాకీ పెట్టి ఇంజిన్ ఎత్తింది, వాడి బెల్టే తీసి తొడకి బిగించింది, చంకల కింద చేతులు వేసి ఈడ్చుకెళ్ళి ట్రక్కు సీట్లో పడేసింది. ఆ లోయలో సెల్‌ఫోన్ పలకదు. ఇంటి ఫోన్‌ను పోయిన నెలే వెండెల్ పీకించాడు. ఆసుపత్రి చూస్తే నలభై మైళ్ళు.

"తొందరగా పోనీ! నెత్తురు ఆగట్లేదే!"

"పోనిస్తున్నా కదయ్యా! ముప్పై దాటనంటోంది!"

వెండెల్ పెదవి కొరుక్కున్నాడు. చెప్తే దీనికి రహస్యం తెలిసిపోతుంది. ఇక ఎప్పుడైనా పోవచ్చు. చెప్పకపోతే తనే పోతాడు. కాసేపు ఆ లెక్కలోనే ఉన్నాడు మహానుభావుడు. సీటు తడిసి బూటులోకి కారేదాకా నోరు విప్పలేదు.

"స్టీరింగ్ కింద... చెయ్యి పెట్టు. స్విచ్చి ఉంది. పైకెత్తు."

మార్లా తల తిప్పి వాడికేసి చూసింది. వంగి తడిమింది. టిక్‌మంది.

"ఎత్తాను."

ముల్లు మాత్రం ముప్పై దగ్గరే ఉంది.

"తొక్కవే!"

"తొక్కుతున్నా!" మార్లా పిడికిలితో స్టీరింగ్‌ను గుద్దింది. "కదలవే ముదనష్టపుదానా! మనిషి చచ్చిపోతున్నాడిక్కడ!"

వెండెల్‌కి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు ఎంత ఏడిపించినా తన కోసం ఇలా తల్లడిల్లిపోతోందే అనుకున్నాడు.

"మార్లా... నన్ను బతికించవే. లేచాక నిన్ను ఎక్కడికైనా పోనిస్తా. ఒట్టు."

"మాట్లాడకు, ఓపిక పోతుంది. ఇదిగో, వచ్చేశాం" అంది మార్లా. కనుచూపు మేరలో ఊరి జాడే లేదు.

స్విచ్చి దగ్గర వైరు ఊడి ఉంటుంది. తన చేతి పనే, కలిపితే ఒక్క నిమిషం. వెండెల్ పళ్ళు బిగబట్టి సీటు మీంచి కిందికి జారి, డాష్‌బోర్డు అడుక్కి తల దూర్చాడు. వైరు గట్టిగానే ఉంది. స్విచ్చి పైకే ఉంది.

పైన మార్లా స్టీరింగ్‌ను గుద్దుతూ తిడుతూనే ఉంది, కింద ఆమె బూటు మాత్రం యాక్సిలరేటర్ మీద ఆనీ ఆనకుండా ఉంది.