నీళ్లలో కనబడిన గూడు

చినుకు పడేలోగా గూడు దొరక్కపోతే పిచ్చుక రంగికి గుడ్లు పెట్టే చోటే ఉండదు. అప్పటికే ఈదురుగాలి లేచింది.

మడుగు గట్టున కలుగులోంచి పందికొక్కు పిలిచింది. “అదిగో, నీళ్లలో చూడు! నేను అమ్మే గూడు అదే. నీ గింజలన్నీ ఇక్కడ పోసెయ్. పొద్దు వాలేలోగా నీ కొమ్మకు చేరుస్తాను.”

నీళ్లలో ముచ్చటైన అల్లిక గూడు ఊగుతోంది. రంగికి ప్రాణం లేచొచ్చింది. దాచుకున్న గింజలన్నీ మోసుకొచ్చి కలుగు ముందు పోసింది.

“ముందు గూట్లో ఒక్కసారి కూర్చుని చూస్తాను,” అంది.

“కుదరదు. అవతల ఇంకో పిట్ట తొందరపెడుతోంది!”

“ఇదివరకు ఎవరు కొన్నారు?”

“అడవి అడవంతా కొంది!”

ఒక్క పేరూ చెప్పదేం? రంగి తలెత్తి చూసింది. మడుగు మీదికి వంగిన ఈతమట్టకు అదే గూడు వేలాడుతోంది. రివ్వున ఎగిరి అక్కడ వాలింది.

గిజిగాడు రెక్కలు విప్పి అడ్డం నిలిచాడు. “ఎవరది? లోపల నా పిల్లలున్నారు!”

“ఈ గూడు అమ్ముతున్నావా, అన్నా?”

“పిల్లలున్న గూడు ఎవరైనా అమ్ముతారా, తల్లీ?”

నీళ్లలో కనబడింది దీని నీడేనని రంగికి తెలిసిపోయింది. కింద పందికొక్కు గింజల్ని గబగబా లోపలికి లాగేస్తోంది. ఇద్దరూ దూసుకెళ్లి పొడిస్తే సగమే దక్కాయి.

“పక్కమట్టకు నేను అల్లి వదిలేసిన గూడుంది. కూర్చుని చూసుకో,” అన్నాడు గిజిగాడు.

రంగి అందులో దూరి కూర్చునేసరికి వాన మొదలైంది. అంతలో గింజలు ముక్కున కరుచుకుని కౌజుపిట్ట కలుగు దగ్గరికొచ్చింది. చెబితే నలుగురూ నవ్వుతారని రంగికి సిగ్గేసింది. అయినా గొంతు చించుకుని అరిచింది.

“అక్కా, పోయకు! నేను మోసపోయాను!”

కౌజుపిట్ట ముక్కున గింజలు ముక్కునే ఆగిపోయాయి.