గాడిద మీద యోసేపు

"ఈ గాడిద మీద కూచున్నది యోసేపేనా తాతా?" అని స్ఫూర్తి అడగ్గానే సూగప్ప తల దించుకున్నాడు.

శక్తినగర్ థర్మల్ కరెంటు కేంద్రానికి కూలికొచ్చినవాళ్లు కట్టుకున్న చిన్న చర్చి అది. గోడ మీద మూడు బొమ్మలు. పద్దెనిమిదేళ్ల కింద, భార్య నింగమ్మ చనిపోయిన ఏడాది సూగప్ప వేసినవి. లారీలకు నంబర్లు, దుకాణాలకు బోర్డులు రాసుకునే చెయ్యి అతనిది. ఫాదర్ పిలిచి, మరియమ్మ మన ఆడవాళ్లలాగే ఉండాలన్నాడు. సూగప్పకు తెలిసిన ఆడమనిషి నింగమ్మ ఒక్కతే.

స్ఫూర్తి రాయచూరు పట్నం పిల్ల. క్రైస్తవ చిత్రాల మీద పుస్తకం రాస్తోంది. బొమ్మలో ఎవరి చేతిలో ఏముందో చూసి ఆ మనిషెవరో చెప్పడం ఆమె చదువు. తాళంచెవులుంటే పేతురు.

"అన్ని దేశాల బొమ్మల్ల తల్లీబిడ్డలు గాడిద మీద ఉంటరు. మరియమ్మ మొగుడు యోసేపు కళ్లెం పట్టుకొని నడుస్తడు. నువ్వేంది తాతా, ఆయన్ను ఎక్కించి ఆమెను నడిపించినవ్?"

"నాకేం మాలుం బిడ్డా. మొగోడు సైకిల్ మీద పోతె పెండ్లాం మూటెత్తుకొని వెనక నడిచొచ్చుడే నాకు తెల్సు. ఫాదర్ గూడ నవ్విండు."

"నవ్వేదేం లేదు. రాజులు, యుద్ధాలు రాస్తేనే చరిత్ర అనే రోజులు పోయినయి. ఇప్పుడు గీ గాడిద గూడ సాక్ష్యమే. నువ్వు చెప్పేదంత చరిత్రే."

సాక్ష్యమన్న మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది సూగప్పకు.

స్ఫూర్తి చున్నీతో గోడ మీది బూడిద తుడిచింది. పశువుల పాకలో తల్లి బిడ్డ మీదికి వంగి ఉంది. చెరగు మొహం మీదికి జారింది. దారిలో నెత్తిన మూట, దించిన తల. సిలువ కింద రెండు చేతుల్లో మొహం దాచుకుంది. మూడు బొమ్మల్లోనూ ఆమె మొహం కనబడదు. చేతులు మాత్రం ప్రాణంతో ఉన్నట్టున్నాయి. జొన్నరొట్టె తట్టి తట్టి గట్టిపడ్డ వేళ్లు. పెనానికి కాలిన బొటనవేలు. ఒకే ఒక్క మట్టిగాజు.

"ఎవరి చేతులు తాతా?"

"నింగమ్మవి. దినాం నా కంచంల రొట్టె ఏసిన చేతులు."

స్ఫూర్తి కళ్లు చెమర్చాయి. "మొహం ఎందుకు దాచినవో ఇప్పుడు సమజయింది. పోయిన మనిషిని నలుగురి కండ్ల ముందర పెట్టబుద్ధి గాలె నీకు. గంత ప్రేమ! పుస్తకంల ఆఖరి అధ్యాయం నీదే. మా ఆయనకు చదివి వినిపిస్త, జర సిగ్గన్న తెచ్చుకుంటడు."

"రాయకు బిడ్డా."

"ఎందుకు?"

"అసొంటిదేం లేదు. రాయకు."

"మీ కాలపు మొగోళ్లంత గింతే. ఉన్నదాన్ని లేదంటరు." ఆమె నవ్వింది. "బొమ్మ పక్కన అవ్వ ఫోటో వేస్త. ఉన్నదా?"

"ఎన్నడు తీయించలె."

"సరే, నోటితోనే చెప్పు. గుండ్రటి మొహమా, కోల మొహమా? ముక్కుపుల్ల ఏ దిక్కుకుండె?"

టేప్ రికార్డర్ మీట నొక్కి అతని ముందు పెట్టింది.

టేపు తిరుగుతోంది. సూగప్ప నోరు తెరిచాడు. మూశాడు. గోడ మీది చేతుల వంక చూశాడు. ఎంతసేపు చూసినా అవి చేతులే. చివరికి టేపు ఆ వైపు అయిపోయి టక్కున ఆగింది.

ఇరవై రెండేళ్లు తన వెనకే నడిచిన మనిషి మొహం సూగప్పకు బొమ్మ వేసిననాడూ గుర్తు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు.