గిన్నె మీది రూపశ్రీ

గిన్నె వంపు చూస్తే చాలు, పేరు చదవకుండానే అది మా వీధిలో ఎవరింటిదో చెప్పేస్తాను. తిరుపతిలో నలభై ఏళ్లు పాత్రల అంగట్లో కూర్చుని స్టీలు సామాను మీద పేర్లు కొట్టిన చెయ్యి ఇది. ఒక పెళ్లికైతే ఒక్క పూటలో మూడు వేల చెంబుల మీద పేర్లు కొట్టాను. ఆ ఊపులో పక్కన నిలబడిన పెళ్లికొడుకు నెత్తి మీద కూడా కొట్టబోయి ఆగాను.

అలాంటి నన్ను ఆ ఆదివారం పొద్దున మునిశేఖర్ ఓడించాడు.

"తాతా, ఇది ఎవురిదో సూడు," అంటూ మూత గిన్నె ఒకటి నా ముందు పెట్టాడు.

మునిశేఖర్ మా మేడ మీది గదిలో అద్దెకుంటాడు. నగరి పిల్లోడు. ఇంజనీరింగు ముగించి, ఇక్కడ కంప్యూటర్ ఆఫీసులో పనికి కుదిరి మూడు నెలలు. కాలేజీలో ఒకే బెంచీ మీద ఐదుగురు ఇరుక్కుని కూర్చునేవాళ్లట. ఇప్పుడు ఐదుగురూ ఐదు ఊళ్లలో ఉన్నారు. ఫోనులో వాళ్ల గ్రూపు ఉంది గానీ, ఒకడి పుట్టినరోజుకు కేకు బొమ్మ వచ్చి పడితే మళ్లీ ఇంకొకడి పుట్టినరోజు దాకా చప్పుడుండదు.

అంతకు ముందు శుక్రవారమే నా దగ్గరికి వచ్చి, నెలాఖరుకు గది ఖాళీ చేసి నగరికి వెళ్లిపోతానన్నాడు. పని నచ్చలేదా అని అడిగాను.

"పని బాగుండాది తాతా. ఆదివారమే గడవడంలే. పొద్దన్నించి పడుకునేదాకా మాట్లాడే మనిషి లేడు."

ఇక గిన్నె సంగతి. శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి గది గడప దగ్గర ఉందట. మూత తీస్తే వేడివేడి అలసంద వడలు, ఏడు. ఎవరో ఇల్లు పొరబడి పెట్టారేమోనన్న ఆలోచన ఆరు వడల తర్వాత వచ్చింది. ఏడోది నములుతూ గిన్నె తిప్పి చూస్తే అంచున 'రూపశ్రీ' అని ఉంది.

ఆదివారాలు పది దాకా లేవనివాడు, ఆ రోజు ఏడింటికే తల దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. మా ఇంటామె భారతమ్మ, "ఉప్పు సరిపోయినాదా నాయనా?" అని అడిగి, జవాబు వినకుండానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పంటి నొప్పి కాబోలు.

కళ్లద్దాలు తుడుచుకుని గిన్నెను ఇటూ అటూ తిప్పాను. ఆ పేరుగల మనిషి ఈ వీధిలో నాకు తెలియదని ఒప్పుకోక తప్పలేదు.

"ఇంటింటికీ పోయి అడుగప్పా," అన్నాను. "ఒట్టి గిన్నె మాత్రం ఇయ్యగూడదు. ఏమన్నా ఏసుకొని పో."

అర కేజీ కారాబూందీ పోసుకుని బయల్దేరాడు. మాది కాక మా వీధిలో ఉన్నవి పదకొండు ఇళ్లు. నేను కుర్చీ వాకిట్లోకి జరుపుకున్నాను.

మొదటి ఇల్లు గ్రేసీది. ఆసుపత్రిలో నర్సు. రూపశ్రీ ఎవరో తెలియదు గానీ నువ్వు తెలుసు పొమ్మంది.

"మూడు నెల్లుగా సూస్తాండా. పలకరిద్దామంటే సెవుల్లో వైర్లు పెట్టుకోని పోతావు. పాపం సెవుడేమో అని మా డాక్టరుకు గూడా సెప్పి పెట్టినా."

గుప్పెడు బూందీ తీసుకుని, ఆ చోటు ఖాళీగా ఉండకూడదని రెండు జామకాయలు పెట్టింది. రెండో ఇంట్లో జయరావు, రిటైరైన బస్సు డ్రైవరు, నీళ్ల మోటారు విప్పి ముందేసుకుని ఉన్నాడు. రూపశ్రీ సంగతి తర్వాత, ముందు టార్చి పట్టుకోమన్నాడు. మునిశేఖర్ గంటసేపు పట్టుకున్నాడు. మోటారు తిరిగేసరికి బూందీ, జామకాయలు ఇద్దరి కడుపుల్లోకీ పోయి, గిన్నెలోకి మామిడికాయ ఊరగాయ వచ్చింది.

మూడో ఇంట్లో ధనంజయ, అతని స్నేహితులిద్దరు. ముగ్గురికీ ఫోన్ల షోరూములో పని. క్యారమ్ బోర్డు చుట్టూ కూర్చుని, ఇద్దరి మీద ఒక్కడుగా ఎవరు ఆడాలని తగువు పడుతున్నారు.

"రూపశ్రీ లేదన్నా ఈడ. నాలుగో మనిషి గూడా లేడు. కూసో," అన్నాడు ధనంజయ.

మధ్యాహ్నం ఆ ఊరగాయతోనే నలుగురూ సంగటి తిన్నారు. దీపాలు పెట్టే వేళకు మునిశేఖర్ తిరిగొచ్చాడు. చొక్కా ఇస్త్రీ పోయింది, వేళ్లకు క్యారమ్ పౌడరు. దొరికిందా అని అడిగాను.

"మూడిండ్లే అయినాయి తాతా. ఇంకా ఎనిమిదుండాయి," అన్నాడు. ఆ గొంతులో తొందరేమీ లేదు.

మరుసటి ఆదివారం నాలుగో ఇంటికి బయల్దేరినవాణ్ణి ధనంజయ దారిలోనే పట్టుకుపోయాడు. ఆ పై ఆదివారం గ్రేసీ, తమ్ముడికి పిల్లను చూడబోతూ, ఫొటోలు తీయడానికని పుత్తూరు దాకా ఎక్కించుకుపోయింది. గిన్నె మాత్రం ఒట్టిగా ఏ గడపా దాటలేదు. చెవుల్లో వైర్లు ఎక్కడ పారేశాడో తెలియదు.

నెలాఖరు వచ్చింది. గది ఎప్పుడు ఖాళీ చేస్తావని అడిగాను.

"ఎవురు తాతా ఖాళీ సేసేది?" అన్నాడు, నేనేదో కలగన్నట్టు. మళ్లీ తనే, "ఆ రూపశ్రీ ఎవురో గానీ, కనపడితే ఒక దండం పెట్టాల," అన్నాడు.

"దండమేనా? పెండ్లి సేసుకుంటావనుకుంటి."

"దానికి ఆదివారం కావాల గదా. ఆదివారం క్యారమ్స్ ఉండాది."

నాలుగో ఇల్లు ఇంకా అలాగే మిగిలి ఉంది.

నేను గొప్పలకు పోతానని మొదట్లోనే కనిపెట్టి ఉంటారు. ఆ చెంబులు మూడు వేలు కాదు, మూడు వందలే. చెయ్యి జారి ఒక సున్నా ఎక్కువ పడింది, అంతే. పెళ్లికొడుకు నెత్తి మాట నిజం. ఈ కథలో నా సొంత కల్పన ఒక్కటే.

ఆ గిన్నె మీద నేను కొట్టిన పేరు.