పక్క మంచం రిపోర్టు

కరీంనగర్ ఆసుపత్రిలో పోశవ్వకూ, పక్క మంచం మణెమ్మకూ ఒకే రోజు మెడలో గడ్డలు తీశారు. రెండు గడ్డల ముక్కలూ పరీక్షకు వెళ్లాయి. పోశవ్వది క్యాన్సర్ అని తేలింది. మణెమ్మది మామూలు గడ్డే.

అప్పటి నుంచి మణెమ్మ ముఖం చూస్తేనే పోశవ్వకు కడుపు మండేది. పైగా తను పలకరించినా ఆమె మాట్లాడదు. తలాడించి అటు తిరిగి పడుకుంటుంది. మంచి రిపోర్టు వచ్చిందని ఎంత మిడిసిపాటు అనుకుంది పోశవ్వ.

ఇంటికి పంపించే రోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఏం మణెమ్మా, నాతోని మాట్లాడితే నా రోగం నీకు అంటుకుంటదా?"

మణెమ్మ లేచి వచ్చి పోశవ్వ చెవి దగ్గర నోరు పెట్టింది. ఊపిరి తప్ప గొంతు రాలేదు.

"ఆపరేషన్ల గొంతు నరం తెగిందట అక్కా. ఇగ గొంతు రాదన్నరు. వేములవాడ గల్లీలల్ల గొంతెత్తి ఒర్రుకుంట కూరగాయలు అమ్మేదాన్ని. నీ రోగం మందులతోని పోతదని డాక్టర్ చెప్పంగ ఇన్న. నువ్వు ఫోన్ల మాట్లాడుతుంటే ఓర్వలేకనే అటు మర్లి పండుకున్న."

పోశవ్వకు గొంతెత్తి జవాబు చెప్పబుద్ధి కాలేదు. మంచం మీద పక్కకు జరిగి, తనూ గుసగుసగానే అంది.

"జర కూసో."