సంతకాల క్యూలో అత్తగారు

“తల ఎత్తకు. క్యూలో మా అమ్మ ఉంది,” అన్నాడు భర్త, పుస్తకాల మీద సంతకాలు పెడుతున్న రచయిత్రి చెవి దగ్గరికి వంగి.

వద్దన్నాక తల ఎత్తకుండా ఉండటం ఎవరి తరం? రచయిత్రి ఎత్తింది. పుస్తకాల షాపు తలుపు దాకా సాగిన క్యూలో, ఆరేడుగురి వెనకాల అత్తగారు నిలబడి ఉంది. భుజాన సంచి, గుండెలకు హత్తుకున్న పుస్తకం. ముఖాన నవ్వన్నది లేదు.

ఆ పుస్తకం, ‘తాళం వేసిన వంటిల్లు’, రచయిత్రి సొంత కథ. కోడలు ఏం తినేస్తుందోనని వంటింటికి తాళం వేసిన అత్త, అద్దం ముందు నిలబడితే అరిగిపోతుందన్న అత్త, కోడలి తండ్రి చావుబతుకుల్లో ఉన్నాడని కబురొస్తే చుట్టాలు వెళ్ళేదాకా దాచిపెట్టిన అత్త. జనం ఎగబడి కొన్నారు. ‘ప్రతి అక్షరం నిజం’ అని ప్రచురణకర్త అట్ట మీద ఎర్రగా వేయించాడు. ఎక్కడా పేర్లు రాయలేదు కదా అని రచయిత్రి ధైర్యం. పేర్లు లేకపోతేనేం, ఆవిడకున్నది ఒక్కగానొక్క కోడలాయె!

“అత్తయ్యకి వంటల పుస్తకమని చెప్పానన్నారుగా?” అంది పళ్ళబిగువున.

“చెప్పాను. కొని మరీ చదువుతుందని కలగన్నానా?”

“ఇప్పుడెలాగండీ? అయినా నేను లేనిదేం రాయలేదే!”

“నిజమే రాశావు. నాకు తెలీదా? కానీ అమ్మ ఇంతమందిలో కన్నీళ్ళు పెట్టుకుందంటే, చెయ్యి పట్టుకుని ఆవిడతోపాటే వెళ్ళిపోతాను. మళ్ళీ మనింటి గుమ్మం ఎప్పుడు తొక్కుతానో నాకే తెలీదు.”

అతను ఊరికే బెదిరించే రకం కాదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు, అందుకే భయం.

“కానివ్వండి మేడమ్,” అంటూ ప్రచురణకర్త ఇంకో పుస్తకం తెరిచి ముందుకు తోశాడు.

“చెయ్యి నొప్పిగా ఉందండీ. ఇవాల్టికి ఆపేద్దాం.”

“భలేవారే! నిలబడ్డవాళ్ళని ఉత్త చేతుల్తో పంపిస్తే మళ్ళీ మన మొహం చూస్తారా?”

“పోనీ, ఇదంతా కల్పితమని మైకులో ఒక్క మాట చెప్పండి.”

ప్రచురణకర్త ఆమెకు జ్వరమేమో అన్నట్టు చూశాడు. “నిజమనేగా కొన్నారు! ఇప్పుడు కల్పితమంటే ఇవే పుస్తకాలు నా నెత్తిన విసురుతారు. రాయండి, రాయండి.”

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. రచయిత్రి రాస్తూ పోయింది. క్యూ మామూలుగా కదలదు, ఇవాళ మాత్రం పరుగెత్తుతోంది.

అత్తగారి ముందున్న లావుపాటావిడ బల్ల దగ్గరికి వచ్చింది. “చదువుతుంటే రక్తం ఉడికిపోయిందండీ! ఆ ముసలిది ఇంకా బతికే ఉందా?”

“కాస్త మెల్లిగా మాట్లాడండి,” అంది రచయిత్రి.

“ఎందుకండీ మెల్లిగా? ఎక్కడుందో చెప్పండి చాలు. వెళ్ళి దులిపేసి వస్తాను!”

ఆవిడ వెనకే అత్తగారు. కళ్ళు ఆర్పకుండా అంతా వింటోంది. రచయిత్రి గబగబా సంతకం గీకి పుస్తకం తిరిగిచ్చేసింది.

లావుపాటావిడ పక్కకు తప్పుకుంది.

“అమ్మా! వస్తున్నానని ఫోనైనా చెయ్యలేదేం?” అన్నాడు కొడుకు, లేని నవ్వు తెచ్చుకుని.

“నువ్వుండరా.” అత్తగారు పుస్తకం బల్ల మీద పెట్టింది. సగం పేజీల మూలలు మడతపెట్టి ఉన్నాయి. “ఏకబిగిన చదివాను. వంటల పుస్తకమట, వంటల పుస్తకం!”

“అత్తయ్యా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం.”

“ఇంటిదాకా ఎందుకు? లోకమంతా చదివేసిందిగా. ఇక్కడే మాట్లాడుకుందాం.”

క్యూలోవాళ్ళు మెడలు సాచి దగ్గరికి జరిగారు. ప్రచురణకర్త కూడా పుస్తకాలు తెరవడం మానేశాడు.

“ఈ అత్త ఎవరో పోల్చుకోలేననుకున్నావా? ఆ తాళం, ఆ అద్దం... రెండు పేజీలు తిప్పేసరికే తెలిసిపోయింది. రాసేముందు నాతో ఒక్క మాట అనాలనిపించలేదూ?”

క్షమించమనాలని రచయిత్రి నోరు తెరిచింది. ఎందుకనాలి? తండ్రి ఆఖరి చూపు దక్కనిది తనకి. అయినా పక్కనే మొగుడి ముఖం చూసేసరికి, పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది.

అత్తగారి కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి.

“పదమ్మా, వెళ్దాం,” అంటూ కొడుకు తల్లి చెయ్యి పట్టుకున్నాడు. భార్య వైపు చూడనైనా లేదు.

అత్తగారు ఆ చెయ్యి విదిలించుకుంది. బల్ల మీదుగా వంగి, కోడలి చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

“మా నాన్న చివరి కబురు కూడా ఆ మహాతల్లి ఇలాగే దాచింది! మా అత్త ఆరళ్ళు కట్టుకున్నవాడికి కూడా చెప్పుకోలేదు నేను... ఇంత అచ్చుగుద్దినట్టు రాశావు, నీకెవరు చెప్పారే?”